ఫ్లైట్ మోడ్‌లో పిలిచాను

పక్కవాళ్ళ ఫోను గోల భరించలేని మనిషిని నేను. బస్సులో స్పీకరు పెట్టుకుని మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకసారి విల్లియనూరు బస్సులో ఒకాయన తన కిడ్నీలో రాయి గురించి దారి పొడవునా ఎవరికో చెబుతుంటే, "సార్, ఆ రాయి మీదే కదా, మా అందరికీ ఎందుకు పంచుతారు?" అని అరవంలో అడిగేశాను. బస్సంతా నవ్వింది. అలాంటి నేను, తలకు రంగేసుకునే వయసులో, విమానంలో ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడినందుకు అందరి ముందూ చీవాట్లు తిన్నాను. చీవాట్ల సంగతి ఎప్పుడో మరిచిపోయాను. ఆ రోజు ఫోనులో అన్న మాట మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది.

బాబాయ్ మా నాన్నకు తమ్ముడు. అరవం మాట్లాడే మా ఊళ్ళో, ముత్తియాల్‌పేటలో మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. యంత్రాల మోతలో బతుకంతా గడిపినవాడు కాబట్టి ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదని అందరం అనుకునేవాళ్ళం. నాన్న నా చిన్నప్పుడే పోతే, నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయింది ఆయనే. ఆయనకూ పిన్నికీ పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే నన్ను చూపించేవాడు. ఆయనంటే నాకు ప్రాణం.

బాబాయ్‌కి గుండె ఆపరేషను కోసం ఇద్దరూ హైదరాబాదులో ఉన్న పిన్ని తమ్ముడి దగ్గరకు వెళ్ళారు. ఆపరేషను బాగానే అయింది. నాలుగో రోజు పొద్దున కాఫీ అడిగి, అది వచ్చేలోపల పోయాడు. కబురు విని నేను వెళ్ళాను. అంత దూరం తేలేక అక్కడే దహనం చేశారు. అస్థికలు మాత్రం కురుచికుప్పం దగ్గర మన సముద్రంలోనే కలపాలని పిన్ని పట్టుబట్టింది. మట్టి ముంతకు ఎర్ర గుడ్డ కట్టి, కాగితాలన్నీ సంపాదించి, విమానానికి టికెట్లు తీసుకున్నాం. హైదరాబాదు నుంచి మా ఊరికి వచ్చేది చిన్న విమానం, రెక్కలకు పంకాలుండే రకం.

బయలుదేరే రోజు పొద్దున పిన్ని నన్ను పక్కకు పిలిచింది.

"ఏరు దాటేటప్పుడంతా పిలవాల పాపా. ఇదో, ఏరు దాటతా ఉండాం, మాతోనే వచ్చెయ్యి అని. పిలవకుంటే ఆడనే నిలిచిపోతారు. నీళ్ళు అడ్డమొస్తే వాళ్ళకు దారి తెలవదు."

"నువ్వే పిలువు పిన్నీ."

"నేనెట్ట పిలిచేది? ఆయన పేరు నా నోట్లో ఎప్పుడన్నా వచ్చిందా? రక్తం పంచుకున్నోళ్ళు పిలవాల. ఇనిషియల్‌తో పిలువు, మరిచిపోవద్దు. ఉత్త పేరు పిలిస్తే ఎవుడైనా వస్తాడు."

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. కానీ ఆమె మాటలో న్యాయం ఉంది. మా ఊళ్ళో మా తెలుగువాళ్ళకు ఇంటిపేర్లు పోయి ఎన్ని తరాలైందో తెలియదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే మాకు ఆనవాలు. బాబాయ్ పేరున్నవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. ఇనిషియల్ చెప్పకపోతే ఒకరి ఉత్తరం ఇంకొకరి ఇంటికి పోతుంది. మనుషులు పోయాక కూడా అంతేనని పిన్ని లెక్క.

రైల్లోనో బస్సులోనో అయితే వంతెన మోత వింటే చాలు. ఆకాశంలో ఏరు ఎక్కడొస్తుందో ఎలా తెలుస్తుంది? దానికి నేనే ఉపాయం కనిపెట్టాను. నెట్ లేకపోయినా పనిచేసే మ్యాపును ఫోనులో దించుకున్నాను. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా, కిటికీకి ఆనించి పట్టుకుంటే మనం ఉన్న చోటు నీలం చుక్కగా కనిపిస్తుంది. కృష్ణ, పెన్న, మా వైపున పాలారు. చుక్క ఏటి గీతను ముట్టుకోగానే పిలవడమే. ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని లోలోపల మురిసిపోయాను కూడా.

విమానాశ్రయంలో ముంత యంత్రం లోపలికి పోయింది. తెర ముందు కూర్చున్న అమ్మాయి సగం లేచి నిలబడింది. కాగితాలు చూపించాను. ఆమె తన రెండు చేతులతో ముంతను ఎత్తి పిన్ని చేతికిచ్చింది.

విమానంలో పిన్ని ముంతను ఒళ్ళో పెట్టుకుంటానంది. కుదరదన్నారు. సీటు కింద పెట్టమన్నారు. కాళ్ళ దగ్గర పెట్టడానికి పిన్ని ఒప్పుకోలేదు. చివరికి తల మీద ఉండే సామాన్ల అరలో, మా సంచుల మధ్య, ఎయిర్ హోస్టెస్ అమ్మాయే జాగ్రత్తగా సర్ది మూత వేసింది. నేను కిటికీ పక్కన, పిన్ని నా పక్కన. నడవకు అవతలి సీటులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి. ఇంజను మోతకు భయపడి పిన్ని చెవుల్లో దూది పెట్టుకుంది. ఫోన్లన్నీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకోవాలని మైకులో చెప్పారు. నేను అందరికంటే ముందు పెట్టాను. రూలంటే రూలే.

కృష్ణ వచ్చింది. కింద నీళ్ళు తళతళమన్నాయి. చుక్క గీతను తాకింది. ఇనిషియల్‌తో, పూర్తి పేరుతో, "కృష్ణ దాటుతా ఉండాం, మాతోనే వచ్చెయ్యి" అన్నాను. మెల్లగానే అన్నాను. అయినా అవతలి సీటాయన తల తిప్పి చూశాడు. కిటికీతో మాట్లాడుతున్న ఆడమనిషిని ఎలా చూస్తారో అలా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మంచి చీర కట్టుకున్నాను, ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను, పిచ్చిదానిలా కనబడడమేమిటి?

అప్పుడే ఆ పాడు ఆలోచన వచ్చింది. ఫోను చెవికి ఆనించుకుంటే ఎవరితో ఏం మాట్లాడినా ఎవరూ పిచ్చి అనుకోరు. మా ఊరి బస్సుల్లో చూసి చూసి వచ్చిన తెలివి అది. విమానంలో అదే పెద్ద తప్పని ఆ క్షణంలో తట్టలేదు.

పెన్న దగ్గర పడింది. ఎండలో ఇసక తెల్లగా, మధ్యలో సన్నటి నీటి పాయ. చుక్క గీత మీదికి రాగానే ఫోను చెవికి పెట్టుకున్నాను. అక్కడే జరిగింది పొరపాటు. ఫోనులో బాబాయ్‌ను పేరుతో, ఇనిషియల్‌తో ఎవరు పిలుస్తారు? ఫోను చెవిని తాకగానే నోటికి పాత అలవాటు వచ్చేసింది.

"బాబాయ్, పెన్న దాటుతా ఉండాం. మాతోనే వచ్చెయ్యి."

"ఊఁ" అని వినిపించింది.

ఫోనులోనే. చిన్నగా, తడిగా, వింటున్న మనిషి అన్నట్టు. ఫోను తీసి చూశాను. పైన విమానం గుర్తు ఉంది, సిగ్నలు లేదు, కాలూ లేదు. బాబాయ్ జన్మలో ఎప్పుడూ "ఊఁ" అనలేదు. ఫోనెత్తితే "ఏందే!" అని చెవి పగిలేట్టు అరిచేవాడు. ఇంజను మోతేలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అప్పుడు అవసరం.

అంతలో అవతలి పెద్దమనిషి అందుకున్నాడు. "ఏం మేడమ్, సదువుకున్నోళ్ళ లెక్క ఉన్నరు. గాల్ల ఉన్నప్పుడు ఫోన్ మాట్లాడతరా? మీ ఒక్కరి ముచ్చట కోసం అందరి పానాలు పోవాల్నా?" ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. బస్సులో నేను ఇతరులను అనే మాటలన్నీ ఆయన నన్ను అంటున్నాడు.

ఎయిర్ హోస్టెస్ వచ్చి వంగింది. నేను ఫోను చూపించాను. "ఫ్లైట్ మోడ్‌లోనే ఉంది మేడమ్. మరి ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది అయోమయంగా.

పిన్ని చెవిలో దూది తీసింది. గొడవ ఏమిటో అప్పుడే అర్థమైనట్టుంది.

"వాళ్ళ బాబాయ్‌తో మాట్లాడతా ఉందమ్మా. ఆయన పైన ఉండాడు" అని తల మీది అర వైపు వేలు చూపించింది.

అందరూ పైకి చూశారు. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది. పెద్దమనిషి బెల్టు బిగించుకుని, దిగేదాకా తన మోకాళ్ళనే చూసుకుంటూ కూర్చున్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు.

పాలారు వచ్చేసరికి నన్ను అడిగేవాళ్ళే లేరు. అప్పుడైనా ఇనిషియల్‌తో పిలవాల్సింది. కానీ చెయ్యి తనంతట తానే ఫోను చెవికి పెట్టింది. మళ్ళీ "బాబాయ్" అనే వచ్చింది. కింద చుక్క నీరు లేదు, ఉత్త ఇసక. ఈసారి "ఊఁ" ఫోనులో రాలేదు. పిన్నికీ నాకూ మధ్య, చేతులు ఆనించే చోటు నుంచి వచ్చింది. పిన్ని చెవుల్లో దూది మళ్ళీ ఉంది. నా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

విమానాశ్రయం నుంచి ఇంటికి ఆటోలో వస్తుంటే పిన్ని అడిగింది.

"ఇనిషియల్‌తోనే పిలిచినావు గదా?"

"పిలిచాను పిన్నీ" అన్నాను. ఆమె తృప్తిగా ముంతను గుండెకు ఆనించుకుంది. నేను చెప్పిన అబద్ధాల్లో నన్ను ఇంత కాల్చింది ఇంకొకటి లేదు.

మరునాడు కురుచికుప్పం పడవలో వెళ్ళి అస్థికలు కలిపాం. పదకొండో రోజు అయిపోయింది, చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. మొదట గేటు. బాబాయ్ గేటు వేస్తే వీధి చివరి దాకా వినిపించేది. ఇప్పుడు మధ్యాహ్నం తెరిచి పెట్టిన గేటు, కాసేపయ్యాక చూస్తే, గొళ్ళెంతో సహా వేసి ఉండేది. చప్పుడు వినిపించేది కాదు. తర్వాత టీవీ. బాబాయ్‌కి ఇష్టమని పిన్ని నాలుగు గంటలకు వార్తలు పెట్టి, ఆయన లాగే సౌండు పెంచి, ఫోటో ముందు కాఫీ పెట్టి వంటింట్లోకి పోయేది. తిరిగి వచ్చేసరికి సౌండు తగ్గి ఉండేది. పక్కింటికి ఇబ్బంది కాకుండా ఎవరో తగ్గించినట్టు.

రిమోటు బ్యాటరీ అయిపోయిందేమో అన్నాను. కొత్తవి వేశాను. అయినా తగ్గింది.

ఒక శనివారం పూలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని పెరట్లో ఉంది. "పిన్నీ, బాబాయ్‌కి పూలు తెచ్చినా" అని గడపలో నుంచి కేకేశాను.

"ఊఁ" అని హాల్లో నుంచి వినిపించింది.

హాల్లో ఎవరూ లేరు. బాబాయ్ కుర్చీ కూడా ఖాళీగానే ఉంది. గోడ వారగా ఉన్న చిన్న స్టూలు, కొత్తగా వచ్చిన చుట్టం మొహమాటపడి కూర్చునే స్టూలు, దాని మీది గుడ్డ మాత్రం కూర్చుని లేచినట్టు నలిగి ఉంది. పూలు అక్కడే పడేసి ఇంటికి వచ్చేశాను. అక్కడున్నది బాబాయ్ కాదు. బాబాయ్‌ని పెన్న దగ్గర నేనే వదిలేశాను.

నెల దాటాక ఒక రోజు నాలుగింటికి పిన్నే నన్ను పిలిచి వంటింట్లో కూర్చోబెట్టింది.

"పాపా, నిజం చెప్పు. ఆ పొద్దు ఏమని పిలిచినావు?"

ఇంక దాచలేకపోయాను. "బాబాయ్ అన్నాను. పేరు చెప్పలేదు. ఫోను చెవిలో పెట్టుకునేసరికి నోట్లో అదే వచ్చింది. నన్ను కొట్టు పిన్నీ" అని ఏడ్చేశాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. "అట్టనే అనుకుంటిని. పావం, పెన్నకాడ ఎవురో, ఎవురి కోసరమో నిలిచుండాడు. నువ్వు బాబాయ్ అంటే వాళ్ళ పిల్లే వచ్చిందనుకున్నాడు. రమ్మంటే వచ్చినోణ్ణి పొమ్మని ఎట్ట చెప్పేది?"

"నేను నెల్లూరికి పోతాను. వంతెన మీద నిలబడి, ఇనిషియల్‌తో పిలుచుకుని బస్సులో వచ్చేస్తాను. అంతా సరిచేస్తాను."

పిన్ని కాఫీ గ్లాసు కడుగుతోంది. కడిగిందే మళ్ళీ కడిగింది. అడ్డు చెబుతుందని నేను అనుకోలేదు. అడ్డు చెప్పలేదు కూడా. గ్లాసు బోర్లించి, నా వైపు చూడకుండా అంది.

"ఈయన అరవడు పాపా."

నాకు అర్థం కాలేదు.

"నలభై ఏండ్లు ఆ గేటు సత్తం వింటే తింటా ఉన్న ముద్ద తట్టలోనే పెట్టి లేస్తా ఉంటిని. కూర చల్లంగా ఉందని అన్నం తట్ట ఇసిరితే నుదురు చిట్లింది. వాకిట్లో జారిపడినా అని మీ అమ్మకు చెప్తిని. నీ మింద శానా ప్రేమే, కాదనను. నాకు మాత్రం ఈ నెల రోజులుగానే తిన్నది ఒంటికి పడతా ఉంది."

ఆ అరుపులన్నీ గోడ ఇవతల నుంచి నేను విన్నవే. మిల్లు గొంతు అని నవ్వుకున్నవే. నుదుటి మీద ఆ మచ్చను రోజూ చూశాను. ఒక్కసారీ అడగలేదు. బస్సులో పరాయివాడి గొంతు పెద్దదైతే ఊరుకోని నేను, మా గోడవతల గొంతుకు ఏనాడూ నోరెత్తలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అయినా నెల్లూరు వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆయన నా బాబాయ్ కదా. చెన్నై మీదుగా బస్సులో వెళ్ళి, ఆటో చేసుకుని పెన్న వంతెన దాకా పోయి, నడుమ దాకా నడిచి ఆగాను. మిట్ట మధ్యాహ్నం. లారీలు పోతుంటే కాళ్ళ కింద వంతెన కదులుతోంది. కింద ఇసక మీద ఒక్క మనిషి కూడా లేడు. కానీ అక్కడ చాలామంది ఉన్నారని, ఎవరి పేరు వస్తుందా అని అందరూ నా నోటి వైపే చూస్తున్నారని నాకు స్పష్టంగా తెలిసింది. వాళ్ళలో ఒకాయన, సైకిలు ముందు కడ్డీ తుడిచి నన్ను ఎక్కించుకున్నాయన, అందరికంటే ముందుకు వచ్చి నిలబడ్డాడని కూడా తెలిసింది.

ఇనిషియల్ నాలుక మీదికి వచ్చింది. పిన్ని గ్లాసు కడుగుతున్న చేతులు గుర్తొచ్చాయి. నోరు మూసుకున్నాను. క్షమించమని అడగాలన్నా ఏమని పిలిచి అడగాలి? బాబాయ్ అని కూడా అనకూడదు. ఆ మాటకు పలికేవాళ్ళు అక్కడ ఎంతమందో! పెదవులు బిగపట్టుకుని వంతెన చివరి దాకా నడిచాను. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చాక పిన్ని నా వెనక ఖాళీ వీధిని ఒకసారి చూసింది. లోపలికి పోయి రెండు కాఫీలు కలిపింది, ఒకటి నాకు, ఒకటి హాల్లోకి.

మా ఇళ్ళలో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం నా ఒక్కదానికే వచ్చు. యానాంకు బదిలీ మీద వెళ్ళినప్పుడు నేర్చుకున్నాను. అందుకే ధైర్యంగా ఇదంతా తెలుగులో రాశాను. బాబాయ్ పేరు, ఇనిషియల్ మాత్రం ఎక్కడా రాయలేదు. చదివే మీలో ఎవరైనా, ఏ ఏటి వంతెన మీద పోతూనో, పైకి చదువుతారేమోనని.